తన ఊరు చేరని మేత్రాణులు: పునీత ఫ్రాన్సిస్ ది సేల్స్ జీవితం

జనవరి 24 పునీత ఫ్రాన్సిస్ ది సేల్స్ గారి పండుగ. మన కోరాపుట్, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్ళలో ఈ పేరు తెలిసినవారు క్యాథలిక్ కుటుంబాలవారే, వారూ కొద్దిమందే. మనలో క్రైస్తవులు చాలామంది లూథరన్ సంఘం వారు. 1882లో జర్మనీ నుంచి వచ్చిన బ్రెక్లుమ్ మిషనరీలు నాటిన సంఘమది. ఇక మజ్జిగౌరమ్మ గుడికి వెళ్ళే ఇళ్ళు సరేసరి, అవే ఎక్కువ. అయినా ఈ పండుగ వేళ ఆయన జీవితాన్ని అందరి కోసం రాయాలని సంఘంలో అనుకున్నాం. ధైర్యం, శరణాగతి అనే మాటలు ఏ గుమ్మంలోనైనా అర్థమయ్యేవే కదా.

ఆయనకూ మన కొండలకూ ఒక దారి కూడా ఉంది. ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండు కలిసే చోట ఆల్ప్స్ కొండల్లో అన్నెసీ అనే ఊరుంది. అక్కడ 1838లో పియేర్ మెర్మియే అనే గురువు ఈ పునీతుని పేరు మీద ఒక మిషనరీ సభ స్థాపించారు. ఆ సభ గురువులు 1846లో విశాఖపట్నంలో దిగారు. మూడేళ్ళకు అదే అన్నెసీ నుంచి సెయింట్ జోసెఫ్ సభ మఠకన్యలు యానాం వచ్చారు. అప్పటికి కోరాపుట్ లేదు, రాయగడ జిల్లా లేదు. ఇదంతా జయపురం జమీందారీ, విశాఖపట్నం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గీత మన పక్క నుంచి పోయింది. మన తాతలు కదల్లేదు, చిరునామా కదిలింది.

ఫ్రాన్సిస్ గారి కథలోనూ ఇలాంటి గీతే ఒకటి ఉంది. ఆ సంగతి తర్వాత చెబుతాం.

ఆయన 1567 ఆగస్టు 21న సవాయ్ రాజ్యంలో తోరాన్స్ అనే చోట, ఒక ప్రభు కుటుంబంలో పెద్ద కొడుకుగా పుట్టారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, బతుకుతాడా అని భయపడ్డారట. తండ్రి కొడుకు మీద పెద్ద ఆశలే పెట్టుకున్నాడు. న్యాయశాస్త్రం చదవాలి, షాంబెరీ న్యాయసభలో సభ్యుడు కావాలి, కలిగినవారింటి పిల్లను చేసుకోవాలి. పెద్ద కొడుకు మీద ఇలాంటి లెక్కలు వేయని తండ్రి ఏ దేశంలో ఉన్నాడు?

చదువుకు పారిస్ పంపారు. జెసూట్ గురువుల క్లేర్మాన్ కళాశాలలో చేరారు. పైకి అంతా సవ్యంగానే ఉంది. కత్తిసాము, గుర్రపు స్వారీ, లాటిన్, తత్వశాస్త్రం, అన్నీ వచ్చాయి. అప్పట్లో యూరప్ అంతటా ఒక వాదం నడుస్తోంది. ఎవరికి రక్షణ, ఎవరికి నరకం అన్నది దేవుడు ముందే నిర్ణయించేశాడా? మన భాషలో చెప్పాలంటే నుదుటి రాత గొడవే, కాకపోతే ఈ రాత పరలోకానికి సంబంధించినది. 1586 చివరలో, పంతొమ్మిదేళ్ళ వయసులో, ఆ ప్రశ్న ఈ కుర్రవాడిని పట్టుకుంది. తాను నరకానికే రాసిపెట్టి ఉన్నానని ఆయన మనసుకు తోచింది. ఎవరెన్ని చెప్పినా పోలేదు. తిండి సహించలేదు, నిద్ర లేదు, మనిషి పసుపుపచ్చగా అయిపోయాడు. దాదాపు ఆరు వారాలు ఇదే స్థితి.

దీన్ని పుస్తకాల పురుగు బాధ అని కొట్టిపారేయకూడదు. పరీక్షలో తప్పి, ఉద్యోగం రాక, తన బతుకు ఇక ఇంతేనని ముందే తీర్పు రాసేసుకుని గది తలుపు వేసుకునే పిల్లలు మన వీధుల్లోనూ ఉన్నారు. బాధకు పెట్టే పేరు మారింది, అంతే.

1587 జనవరిలో ఒక రోజు కళాశాల నుంచి తిరిగి వస్తూ ఆయన ఒక గుడిలోకి వెళ్ళారు. అక్కడ నల్లని మరియమాత స్వరూపం ఒకటి ఉండేది. దాని ముందు మోకరించి, అక్కడి పలక మీద రాసి ఉన్న ప్రార్థన చెప్పుకున్నారు. ఆ పూట ఆయన తనకు మోక్షం ఇవ్వమని అడగలేదు. తాను ఎక్కడికి పోతానన్నది దేవుని ఇష్టానికి వదిలేశారు. చనిపోయాక దేవుణ్ణి ప్రేమించే భాగ్యం ఉన్నా లేకపోయినా, ఈ బతికినన్నాళ్ళూ ప్రేమిస్తానని మాట ఇచ్చారు. లేచేసరికి ఆ భయం ఒంటి మీది పొలుసులా రాలిపోయిందని జీవిత చరిత్రల్లో ఉంది.

మా దృష్టిలో ఆయన జీవితమంతా ఈ ఒక్క పూటలోనే ఉంది. శరణాగతి అంటే చేతులెత్తేయడం అని మనలో చాలామంది అనుకుంటాం. ఆయన విషయంలో జరిగింది వేరు. ఫలితం నాదా కాదా అన్న లెక్క మానేసిన రోజు నుంచే మనిషికి అడుగు ముందుకు పడింది. తర్వాత ఆయన చేసిన సాహసాలన్నీ, ఇక పోగొట్టుకోవడానికి ఏమీ లేని మనిషి చేసినట్టే ఉంటాయి.

పారిస్ తర్వాత ఇటలీలో పాదువా. తండ్రి కోరినట్టే న్యాయశాస్త్రం చదివారు, తన ఇష్టం కొద్దీ వేదాంతమూ చదివారు. అక్కడ జబ్బు చేసి చావు దాకా వెళ్ళినప్పుడు, తన శవాన్ని వైద్య విద్యార్థులకు ఇవ్వమన్నారు. ఆ రోజుల్లో విద్యార్థులు కోసి చదవడానికి సమాధుల నుంచి శవాలు దొంగిలించేవారు, దాని మీద కొట్లాటలు జరిగేవి. కనీసం తన శరీరం వల్ల ఒక కొట్లాటైనా తగ్గుతుందని ఆయన ఆలోచన. బతికారు. 1592లో ఇంటికి వచ్చేసరికి పిల్ల సిద్ధం, న్యాయసభ పదవి సిద్ధం. ఆయన రెండూ వద్దన్నారు. తండ్రికి ఎదురు చెప్పలేక, చెప్పకుండా ఉండలేక కొన్నాళ్ళు నలిగారు. చివరకు పెదతండ్రి వరుస బంధువు కొడుకు లూయీ అనే గురువు కలగజేసుకుని, చర్చిలో ఒక గౌరవమైన పదవి ఇప్పించాక తండ్రి మెత్తబడ్డాడు. 1593 డిసెంబరు 18న ఫ్రాన్సిస్ గారు గురువుగా అభిషేకం పొందారు.

మరుసటి ఏడు సెప్టెంబరులో అసలు పరీక్ష వచ్చింది. జెనీవా సరస్సు ఒడ్డున షబ్లే అనే ప్రాంతం ఉంది. దాన్ని సుమారు అరవై ఏళ్ళ కిందట బెర్న్ వాళ్ళు ఆక్రమించి ప్రొటెస్టంటు మతంలోకి మార్చారు. తిరిగి సవాయ్ ప్రభువు చేతికి వచ్చేసరికి అక్కడ క్యాథలిక్కులు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. అక్కడికి వెళ్ళడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఫ్రాన్సిస్ గారు, లూయీ గారు కాలినడకన బయలుదేరారు. తండ్రి డబ్బు ఇవ్వనన్నాడు, పంపనూ పంపనన్నాడు.

తోనోన్ అనే పట్టణంలో రాత్రి ఉండటం ప్రమాదం. అందుకని కొండ మీద అలాంజ్ కోటలో సైనికుల మధ్య పడక. పొద్దున్నే కొండ దిగి పట్టణానికి నడక, చీకటి పడేలోపు మళ్ళీ కొండెక్కడం. పొట్టంగి ఘాటీలో పుష్యమాసం మంచు ఎరిగినవారికి ఆ చలి కొంచెం ఊహకు అందుతుంది, అయితే అది అంతకు ఎన్నో రెట్లు. చలికి పాదాలు పగిలి నెత్తురు కారేది. ఒక రాత్రి అడవిలో తోడేళ్ళు చుట్టుముడితే చెట్టెక్కి, నిద్రలో జారిపడకుండా నడుముకు ఉన్న పటకాతో కొమ్మకు కట్టుకుని తెల్లవార్లూ గడిపారని చెబుతారు. ద్రాన్స్ నది మీద వంతెన విరిగిపోతే అడ్డంగా ఒక పలక వేశారు. దాని మీద మంచు పేరుకుని గాజులా ఉంటే చేతుల మీద, మోకాళ్ళ మీద పాకుతూ అవతలి ఊరికి దివ్య బలిపూజకు వెళ్ళేవారట. చంపడానికి దారి కాసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను శిక్షించవద్దని ఆయనే అడిగారు.

ఇంతా చేస్తే వినేవాళ్ళు లేరు. నెలల తరబడి గోడలకు చెప్పినట్టే. ఆయన బోధ వినడానికి వస్తే పట్టణ పెద్దలకు కోపం, అందుకని జనం రారు. ఇక్కడ ఆయన చేసిన పని, జీవితమంతా కాగితాల మధ్య గడిపిన మాలాంటివాళ్ళకు మరీ నచ్చుతుంది. మనుషులు నా దగ్గరకు రాకపోతే కాగితం వాళ్ళ దగ్గరకు వెళ్తుంది అనుకున్నారు. 1595 జనవరి నుంచి చెప్పదలచినదాన్ని చిన్న చిన్న కరపత్రాలుగా రాసి, నకళ్ళు తీయించి, ఇళ్ళ తలుపుల కింద నుంచి లోపలికి తోయించారు, గోడలకు అంటించారు. రాత్రి తలుపు గడియ వేసుకుని, ఎవరూ చూడకుండా చదువుకోవచ్చు. ఆ కరపత్రాల వల్లే 1923లో పోపు గారు ఆయనను పత్రికా రచయితలకు పాలక పునీతునిగా ప్రకటించారు. ఆ లెక్కన మన ఈ చిన్న వార్తల పేజీకీ ఆయనే దిక్కు!

మెల్లగా జనం కదిలారు. 1596 క్రిస్మసుకు తోనోన్ గుడిలో బలిపూజ జరిగింది. 1598 శరదృతువులో పెద్ద సంఖ్యలో క్యాథలిక్ సభలోకి వచ్చారు. ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఆ చివరి ఘట్టంలో ప్రభువు స్వయంగా వచ్చి కూర్చున్నాడు, ససేమిరా అన్నవాళ్ళను దేశం విడిచి పొమ్మన్నాడు. ప్రభుత్వ అండ కావాలని అంతకు ముందు ఫ్రాన్సిస్ గారు రాసినవారే. ఆయన ఓర్పు, ప్రేమ నిజం. వాటి వెనుక ప్రభువు కత్తి ఉన్న మాటా నిజం. ఒక దేశంలో ఒకే మతం ఉండాలని రెండు పక్షాలూ నమ్మిన కాలమది. కొన్ని భక్తి పుస్తకాలు ఈ పేజీ తిప్పేసి వెళ్ళిపోతాయి. 2008లో కంధమాల్ మంటలను దగ్గర నుంచి చూసిన ఒడిశావాళ్ళం, మతం విషయంలో బలవంతం ఎటువైపు నుంచి వచ్చినా తప్పేనని మనం అనుకోవాలి. ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఆ మొదటి రెండేళ్ళ నడక.

1602లో జెనీవా మేత్రాణులు పోయారు. డిసెంబరు 8న ఫ్రాన్సిస్ గారు ఆ స్థానంలోకి వచ్చారు. ఇందాక చెప్పిన గీత ఇదే. జెనీవా నగరం చేజారి అప్పటికి డెబ్భై ఏళ్ళు కావస్తోంది. అది కాల్విన్ నగరం. అక్కడ క్యాథలిక్ మేత్రాణులకు చోటు లేదు. పేరుకు జెనీవా మేత్రాణులు, కాపురం మాత్రం అన్నెసీలో, అద్దె ఇంట్లో. అదే డిసెంబరులో సవాయ్ ప్రభువు రాత్రివేళ నిచ్చెనలు వేసి జెనీవా గోడలెక్కబోయి ఘోరంగా ఓడిపోయాడు. దానితో ఆ నగరానికి తిరిగి వెళ్ళే ఆశ ఏమన్నా ఉంటే అదీ పోయింది.

ఆయన వెళ్ళిపోవచ్చు. ఫ్రాన్సు రాజు నాలుగో హెన్రీ ఆయన బోధ విని ముచ్చటపడి, తన రాజ్యంలో ఇంతకంటే కలిగిన పదవి ఇస్తానన్నాడు. తన పేద మేత్రాసనాన్ని వదలనని ఆయన చెప్పారు. ఇరవై ఏళ్ళు అక్కడే, ఊరు పోయిన ఆ మేత్రాసనంలోనే, కొండ దారుల్లో గుర్రం మీద విచారణ విచారణకూ తిరిగారు.

1609లో ఒకసారి జెనీవాకు అవతల ఉన్న గెక్స్ అనే చోటికి అత్యవసరంగా వెళ్ళవలసి వచ్చింది. రోన్ నది పొంగి మామూలు దారి మూసుకుపోయింది. వెంట ఉన్నవాళ్ళు వద్దంటున్నా ఆయన పట్టపగలు, మేత్రాణుల దుస్తుల్లోనే, జెనీవా నగరం గుండా వెళ్ళారు. గేటు దగ్గర కాపలావాడు ఎవరు మీరు అని అడిగితే, ఈ మేత్రాసనపు మేత్రాణులనని నిజమే చెప్పించారు. వాడికి ఆ మాట అర్థం కాలేదో, పట్టించుకోలేదో గానీ, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాసుకుని లోపలికి వదిలాడని చెబుతారు. అవతలి గేటు ప్రార్థన వేళ కావడంతో మూసి ఉంటే, తెరిచేదాకా నింపాదిగా ఆగారు. తర్వాత విషయం తెలిసి నగర పెద్దలు మండిపడ్డారు.

అబద్ధం ఒక్క మాట చాలు, సులువుగా దాటిపోయేవారు. తన పేరు, తన పదవి అలాగే చెప్పడంలో సవాలు లేదు, గర్వం లేదు. నేను ఇదే, ఇక్కడివాడినే అని చెప్పడం మాత్రం ఉంది. దరఖాస్తు ఫారంలో మాతృభాష అన్న గడి దగ్గర కలం ఆగిపోయే మన పిల్లలకు ఈ కథ చెప్పాలని మాకు ఎప్పటి నుంచో ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదివి, ఆ గడిలో ఏం రాయాలో తండ్రిని అడుగుతారు. ఏం రాస్తే ఏం ఇబ్బందో అని తండ్రీ ఒక క్షణం ఆలోచిస్తాడు.

ఆయన స్వభావం నెమ్మది అని పేరు. నిజానికి పుట్టుకతో కోపిష్టి అని, దాన్ని అణచుకోవడానికి ఏళ్ళు పట్టిందని దగ్గరివాళ్ళు చెప్పారు. పనిలో మాత్రం తీరిక లేదు. అన్నెసీలో పిల్లలను పోగుచేసి తానే జ్ఞానోపదేశం చెప్పేవారు. మార్టిన్ అనే మూగ, చెవిటి కుర్రవాడు బిచ్చమెత్తుతూ కనిపిస్తే ఇంట్లో పెట్టుకుని, సైగలతో దేవుని సంగతులు నేర్పి దివ్యసత్ప్రసాదం ఇచ్చారు. అందుకే చెవిటివారికీ ఆయన పాలక పునీతులు. ఇక ఉత్తరాలు! రైతు భార్య నుంచి రాణివాసం దాకా ఎవరు రాసినా జవాబు రాసేవారు. వాటిలో రెండు వేల దాకా ఇప్పటికీ మిగిలాయి. బంధువుల కోడలు ఒకామెకు రాసిన అలాంటి ఉత్తరాల్లో నుంచే 1609లో భక్తి జీవితం మీద ఆయన ప్రసిద్ధ పుస్తకం వచ్చింది. భక్తి అంటే మఠంలో చేరడం కాదు, సంసారి సంసారంలో, సైనికుడు సైన్యంలో, వ్యాపారి కొట్లో ఉంటూనే దేవుణ్ణి చేరవచ్చు అన్నది దాని సారం. మనకు ఇది కొత్తగా అనిపించదు. ఆ కాలపు యూరప్‌కు మాత్రం పెద్ద మాటే.

1604లో దిజోన్ నగరంలో జాన్ ది షాంతాల్ అనే వితంతువు ఆయన బోధ విన్నారు. భర్త 1601లో వేటలో పొరపాటున తగిలిన తూటాకు చనిపోయాడు, నలుగురు పిల్లలు, ఇంట్లో కఠినుడైన మామగారు. ఆమె తొందరపడి సన్యసిస్తానంటే ఫ్రాన్సిస్ గారు ఏళ్ళ తరబడి ఆపారు, ముందు పిల్లలు, ముందు మామగారి సేవ అన్నారు. 1610 జూన్ 6న అన్నెసీలో ఇద్దరూ కలిసి విజిటేషన్ సభ స్థాపించారు. ఆమె ఇల్లు విడిచేటప్పుడు పద్నాలుగేళ్ళ కొడుకు గుమ్మానికి అడ్డంగా పడుకున్నాడని, ఆమె ఏడుస్తూ దాటి వెళ్ళారని చెబుతారు. ఈ ఘట్టం చదివినప్పుడల్లా మాకు మనసు ఒప్పదు. పునీతుల పనులన్నీ మనకు మింగుడుపడాలని లేదు.

ఆ సభ మఠకన్యలు నాలుగు గోడల మధ్య ఉండకుండా, ఊళ్ళోకి వెళ్ళి రోగులకు సేవ చేయాలని ఆయన కోరిక. కొన్నేళ్ళకు లియోన్ అగ్రమేత్రాణులు అది కుదరదు, ఆడవారు మఠం దాటకూడదని పట్టుబట్టారు. ఫ్రాన్సిస్ గారు తన వాదన చెప్పారు, చెల్లకపోతే ఒప్పుకున్నారు. తోడేళ్ళ మధ్య చెట్టెక్కినప్పటి కంటే ఇక్కడే ఎక్కువ నిగ్రహం కావాలని మా అభిప్రాయం. తాను కట్టినదాన్ని ఇంకొకరు మార్చేస్తుంటే చూస్తూ, చేదు లేకుండా పని కొనసాగించడం సంఘాలు నడిపేవాళ్ళకు తెలిసిన కష్టమే. ఆయన వదిలిన ఆ ఊళ్ళోకి వెళ్ళి సేవ చేసే ఆలోచనను, కొన్నేళ్ళ తర్వాత పారిస్‌లో ఆయన స్నేహితుడు పునీత విన్సెంట్ ది పాల్ నిలబెట్టారు. ఆ విన్సెంట్ గారి సభ గురువులే 1922లో స్పెయిన్ నుంచి కటక్ మిషనుకు వచ్చారు. 2016లో రాయగడ మేత్రాసనం ఏర్పడినప్పుడు తొలి మేత్రాణులు కూడా ఆ సభవారే.

శరణాగతి అంటే కన్నీళ్ళు రాకపోవడం కాదు. 1607లో చిన్న చెల్లెలు, 1610లో తల్లి పోయినప్పుడు ఆయన బాగా ఏడ్చారు, ఏడ్చానని ఉత్తరాల్లో దాచకుండా రాసుకున్నారు. తల్లి కళ్ళు తన చేత్తో మూసి, ఆ తర్వాతే దుఃఖాన్ని వదిలారు.

1622 చివరలో ఆరోగ్యం బాగోలేకపోయినా ప్రభువు వెంట ప్రయాణం తప్పలేదు. బయలుదేరే ముందే ఆస్తి కాగితాలు సర్దుకున్నారు, తిరిగి రానని ఆయనకు తెలిసినట్టుంది. లియోన్ నగరంలో పెద్ద ఇళ్ళవాళ్ళు పిలిచినా, విజిటేషన్ మఠం తోటమాలి గుడిసెలో దిగారు. డిసెంబరు 27న పక్షవాతం వచ్చింది. అప్పటి వైద్యం ప్రకారం నెత్తి మీద కాల్చిన ఇనుముతో వాతలు పెట్టారు. కన్నీళ్ళు కారాయి గానీ వద్దనలేదు. మరునాడు సాయంత్రం ప్రాణం విడిచారు. వయసు 55.

గుండెను లియోన్ వాళ్ళు తమ దగ్గరే ఉంచుకున్నారు. దేహాన్ని మంచు దారుల్లో సవాయ్‌కి తెచ్చారు. ఆయన పేరు మోసిన జెనీవాకు కాదు, అద్దె ఇంటి అన్నెసీకి. అక్కడ 1623 జనవరి 24న సమాధి చేశారు. పండుగ జరుపుకునేది ఆ తేదీనే.